కీబోర్డుకు కుట్టిన బొంత

పోయిన వానకాలం ముందు నేనొక అబద్ధం చెప్పాను. తెలిసే చెప్పాను. రెండు రోజులు వంటింట్లో నాలో నేనే గొణుక్కుని, మాట తడబడకుండా నోటికి వచ్చాక చెప్పాను. మా ప్రార్థన మందిరంలో కీబోర్డు మీద దుమ్ము పడుతోందనీ, దానిమీద కప్పడానికి చిన్న బొంత ఒకటి కావాలనీ అన్నాను. కీబోర్డు ఉన్న మాట నిజం. దుమ్ము మాట కూడా నిజమే, కొత్తవాడలో దుమ్ము పడని వస్తువు ఎక్కడుంటుంది. మిగిలినదంతా కల్పన. ఆ కల్పన వల్ల ముగ్గురు ముసలివాళ్ళం పడిన అవస్థ ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నా మనసు తేలికపడేలా లేదు.

మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాక కొత్తవాడలో ఈ చిన్న ఇల్లు కొనుక్కున్నాం. ఇంటి ముందు వరండా ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే అక్కడ నీడ పడుతుంది. ఆ నీడలోనే మేము బొంతలు కుడతాం. మేమంటే ముగ్గురం: నేను, పక్కింటి ఆపా, ఎదురింటి వదినె. ఆపా అంటే ఉర్దూలో అక్క, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నలభై ఏళ్ళు మిషను మీద వాడంతటికీ జాకెట్లు కుట్టింది. ఎవరి నడుము ఏ సంవత్సరం పెరిగిందో ఆమెకు ఇప్పటికీ గుర్తే, అడగకపోయినా చెబుతుంది. వదినె జంపఖానాలు నేసే ఇంటి కోడలు. పదహారేళ్ళప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, మోకాళ్ళు మొరాయించేదాకా బయటికి తీయలేదు. భర్త పోయి పన్నెండేళ్ళు. పిల్లలు లేరు.

నేను బడి మొహం చూడలేదు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు రాయించింది. అన్నం ఉడికేలోపు ఒక అక్షరం, పప్పు ఉడికేలోపు ఒక గుణింతం. పప్పు ఉడకని రోజుల్లో ఎక్కువ చదువొచ్చింది. ఆ చదువుతోనే బైబిలు వాక్యం చదువుకుంటున్నాను, ఇదీ రాస్తున్నాను. అందుకు ఆమెకూ, ఉడకని పప్పుకూ నేను రుణపడి ఉన్నాను.

బొంత కుట్టడం పెద్ద విద్యేమీ కాదు. పాత నూలు చీరలు నాలుగు ఉతికి, ఆరేసి, పరుపు కింద పెట్టి మడతలు పోగొట్టాలి. ఒకదానిమీద ఒకటి పరిచి, జరగకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాలి. పైన పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసి, అంచులు మలిచి, బయటి నుంచి లోపలికి వరస తర్వాత వరస కుట్టుకుంటూ పోవాలి. అంతే. కానీ ఎవరి చెయ్యి వాళ్ళదే. నా కుట్లు బియ్యపు గింజంత ఉంటాయి. ఆపావి మిషను అలవాటు వల్ల తొందర కుట్లు, ఒకటి చిన్నది, రెండు పెద్దవి. వదినె కుట్టు నువ్వుగింజంత. గీత గీయకుండా, దారం పట్టి చూడకుండా, ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పోతుంది. నేత నేసిన కళ్ళవి. ఆమె వరస పక్కన నా వరస పడితే నాకే సిగ్గేసి, మధ్యలో లేచి టీ పెట్టడానికి పోతుంటాను.

అటువంటి వదినె పసిబిడ్డల బొంతకు మాత్రం సూది ముట్టేది కాదు.

పుట్టిన బిడ్డ కింద కొత్త బట్ట వేయకూడదని మావైపు పట్టింపు. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన చీరలే వేయాలి. అవి కూడా పిల్లల్ని కని పెంచినవాళ్ళు కట్టిన చీరలైతే మంచిదంటారు. ఈ రెండో మాట ఎవరు చేర్చారో తెలియదు గానీ వదినె మీద పడింది. ఆమె పెళ్ళయిన పదేళ్ళకో ఏమో, బంధువులింట్లో బిడ్డకు బొంత కుట్టి తీసుకుపోతే, ఒక పెద్దామె దాన్ని అందుకుని, బాగుందని మెచ్చుకుని, మడిచి, అటక మీద పెట్టించిందట. కసురుకోలేదు, ఒక్క మాట అనలేదు. ఆ మెచ్చుకోలే వదినెకు ఎక్కువ గుచ్చుకుంది. అప్పటినుంచి ఎవరూ వద్దనకముందే ఆమే పక్కకు జరిగేది. మా వరండాలో పసిబొంత పరిచిన రోజున సూదుల్లో దారం ఎక్కించి ఇస్తుంది, కబుర్లు చెబుతుంది, మా కుట్లు వంకరపోయాయని వెక్కిరిస్తుంది. చెయ్యి మాత్రం వేయదు. అడిగితే మోకాళ్ళ నొప్పి అంటుంది. బొంత కుట్టడానికి మోకాళ్ళతో పనేముందని ఆపా ఒకసారి అడిగేసింది కూడా. వదినె నవ్వి ఊరుకుంది.

ఇలా ఉండగా ఆపా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్లను రఘునాథపల్లిలో ఇచ్చారు. కాన్పుకు ఇక్కడికే వచ్చింది. పిల్ల తల్లి దవాఖానలో ఆయా, డ్యూటీలు పగలూ రాత్రీ మారుతుండేవి, అందుకని పిల్ల ఆపా దగ్గరే పెరిగింది. ఆపా దగ్గర అన్నానే గానీ, ఆపా మిషను కింద సూదులు, కత్తెరలు. అందువల్ల పాకడం వచ్చిన నాటినుంచీ వదినె ఇంట్లోనే ఉండేది. మగ్గం పక్కన జంపఖానా ముక్క మీద పడుకోబెడితే, నేత చప్పుడుకు హాయిగా నిద్రపోయేది, మగ్గం ఆగితే లేచి ఏడ్చేది. ఆ ఏడుపుకు భయపడి వదినె అన్నం తినడానికి కూడా లేవకుండా నేసిన రోజులున్నాయట.

ఒక మధ్యాహ్నం వదినె ఇంకా రాకముందు ఆపా నా చెవిలో చెప్పింది.

"చెల్లె, నా మనవరాలి బిడ్డ కింద ఆమె చెయ్యి పడాలె. ఇంకెవలి కుట్టూ నాకొద్దు."

"అడుగుదాం ఆపా."

"అడుగుతె మోకాళ్ళంటది. అడగొద్దు. దేనికో దానికని చెప్పి కుట్టిద్దాం."

దేనికని చెప్పాలి? కూలరు మీదికి అనుకుంటే, మా ఇద్దరి కూలర్లూ ఆమె రోజూ చూసేవే, రేకు ఊడిన కూలరుకు బొంతేమిటని నవ్వుతుంది. మిషనుకు అనుకుంటే ఆపా మిషనుకు ముసుగు ఉంది, అది వదినె కుట్టిందే. ఆమె ఎప్పుడూ అడుగు పెట్టని చోటు కావాలి. అలా వెతుక్కుంటూ పోతే మా ప్రార్థన మందిరం దొరికింది. నేను ఒప్పుకోలేదు. దేవుని ఇంటి పేరు మీద అబద్ధమా అన్నాను. ఆపా నావైపు జాలిగా చూసి, "మంచి పనికే కదా చెల్లె, ఆయనకు తెల్వదా" అంది. తెలుస్తుంది, అదే కదా నా భయం.

రెండు రోజులు పోయాక, సాయంత్రం ప్రార్థనలో ముందుగానే క్షమాపణ అడిగాను. ప్రభువా, రేపు మధ్యాహ్నం రెండున్నరకు నేనొక అబద్ధం చెప్పబోతున్నాను, ఇప్పుడే క్షమించమని. ఈ సంగతి ఆపాకు చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పావుగంట నవ్వింది. "అడ్వాన్సుగ మాఫీ అడుగుడు నీ దగ్గరనే చూసిన" అంది.

మర్నాడు చెప్పాను. నా మాట నాకే అతికినట్టు అనిపించలేదు. కంగారులో, పాస్టరు అయ్యగారే అడిగారని కూడా చేర్చాను. అంటే ఒక్క అబద్ధానికి క్షమాపణ అడిగి రెండు చెప్పాను. వదినె కళ్ళద్దాలు తుడుచుకుని, కీబోర్డంటే ఏమిటని అడిగింది. హార్మోనియం లాంటిదే, పొడుగ్గా ఉంటుంది, కరెంటు మీద పనిచేస్తుందని చెప్పాను. ఎంత పొడుగని అడిగింది. చేతులు చాపి చూపించాను. నావి చూసి ఆపా కూడా తన చేతులు చాపింది. నాది ఒక కొలత, ఆపాది ఒక కొలత. వదినె మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరేనంది.

మూడో రోజు నేను పెన్షను పనిమీద బ్యాంకుకు పోయి వచ్చేసరికి, వదినె వరండాలో కూర్చుని ఉంది. చేతిలో దారం. దారానికి రెండు ముడులు.

"గిది పొడుగు, గిది వెడల్పు" అంది.

"దేనిదే వదినె?"

"మీ కీబోర్డుది. పొద్దుగాల పోయి కొలుసుకొచ్చిన. ఊడ్సే ఆమె తాళం తీసింది."

అయ్యగారు ఉన్నారా అని అడగబోయి, చేతిలోని పాసుబుక్కుతో విసురుకున్నాను. వదినె మాత్రం తాపీగా, "మంచిగున్నది. తెల్లగ, నల్లగ పండ్లున్నయి దానికి. జర ఒత్తితె చప్పుడు రాలే, కరెంటు పెట్టాలెనట" అంటూ దారాన్ని కొంగుకు ముడివేసుకుంది. అయ్యగారు లేరన్నమాట. ఆ ఒక్క మేలుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

కొలత ప్రకారం బొంత మూడు మూరల పొడవు, మూరా జానెడు వెడల్పు తేలింది. చీరలు పరిచి రాళ్ళు పెట్టాక దాన్ని చూసి ఆపా నా దగ్గరికి జరిగి, పుట్టేది పిల్లనా పొట్లకాయనా అని గొణిగింది. నాకు నవ్వు ఆగక, దగ్గొచ్చినట్టు లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చాను. తర్వాత సగానికి కత్తిరించుకుంటే సరిపోతుందని ఇద్దరం కళ్ళతోనే అనుకున్నాం.

చీరలు కూడా మేము అనుకున్నట్టు జరగలేదు. అడుగున నాది, మధ్యలో ఆపావి రెండు వేద్దామనుకుంటే, వదినె ఇంటికి పోయి తన చీర తెచ్చింది. పసుపు రంగు నూలు చీర, ఆకుపచ్చ అంచు, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దేవుని ఇంటికి కదా, మంచిదే పైన వేద్దామంది. పిల్లల్ని కన్నవాళ్ళ చీరలే వేయాలన్న మాట నాకూ, ఆపాకూ ఒకేసారి గుర్తొచ్చి ఉండాలి. ఆపా ఆ చీరను చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. "ఇదే పైన" అంది.

నెలా పదిహేను రోజులు కుట్టాం. నిజానికి ఆమే కుట్టింది. నేనొక వరస, ఆపా ఒక వరస వేసేసరికి ఆమె నాలుగు వరసలు పోయేది. నేను చూస్తూ ఉండేదాన్ని. ఏ బొంతకూ ఆమె అంత నెమ్మదిగా కుట్టడం చూడలేదు. ప్రతి వరస చివరా దారం ముడి లోపలికి దోపి, ఆ చోటును బొటనవేలితో రుద్ది, గుచ్చుకుంటుందేమోనని చూసేది. కీబోర్డుకు ముడి గుచ్చుకుంటుందా అని అడగాలని నాలుక దురద పుట్టేది. ఆపా నన్ను మోచేత్తో పొడిచేది.

ఆఖరి వారం రోజులు మధ్యభాగం తీరిగ్గా కుడతానని ఇంటికి తీసుకుపోయింది. తిరిగి తెచ్చి వరండాలో పరిచింది. పసుపు బట్ట మీద ఒక సగంలో, జానెడు ఎత్తున, ఎర్రదారంతో సిలువ. ఎంత అందంగా ఉందంటే, మా మందిరంలో బల్ల మీద వేసే బట్టకు కూడా అటువంటిది లేదు.

"ముందటికి వేలాడే కాడ కనపడాలె గదా" అంది వదినె, సూది డబ్బాలో పెట్టుకుంటూ.

ఆమె పోయాక ఆపా కూర్చుండిపోయింది. నవ్వు మొదలైంది గానీ సగంలోనే ఆగిపోయింది.

"నాకేం లేదు చెల్లె. నీ దేవుడు నాకు పరాయోడు కాదు. గని పిల్ల అత్త వస్తది రఘునాథపల్లి నుంచి. నమాజీ మనిషి. ఇదేంది ఆపా అని అడుగుతది. కీబోర్డుదని చెప్పాల్నా?"

ఇప్పేద్దామా అనుకున్నాం. కత్తెర తెచ్చింది ఆపానే. తెచ్చి నా చేతికిచ్చింది. సిలువ మీద కత్తెర పెట్టడం నావల్ల కాదని ఆమెకు తెలియదా? నేను మళ్ళీ ఆమె చేతికిచ్చాను. ఆమె కూడా పుచ్చుకోలేదు. "నీ దేవుని గుర్తు నేనెట్ల ఇప్పుత? నేను ఇప్పను" అంది. ఇద్దరు ముసలివాళ్ళం వరండాలో కత్తెరను అటూ ఇటూ ఇచ్చుకుంటూ కూర్చున్నాం. వీధిలో పోయేవాళ్ళు చూసి ఏమనుకున్నారో. చివరికి తేలిందేమిటంటే, దాన్ని విప్పే హక్కు కుట్టిన చేతికే ఉంది. కుట్టిన చేతికి చెప్పాలంటే నిజం చెప్పాలి.

నిజం చెబితే ఏమవుతుందో మాకు తెలుసు. అటక మీద పెట్టించిన ఆ పెద్దామె మెచ్చుకోలును ఆమె ఇంకా మోస్తోంది. బిడ్డకని తెలియగానే మొత్తం విప్పేస్తుంది, తన చీర తను తీసుకుపోతుంది, బహుశా మా వరండాకు మళ్ళీ రాదు. రేపు ఆ పిల్లకు కాన్పులో చిన్న ఇబ్బంది వచ్చినా తన చెయ్యి వల్లేనని కుమిలిపోతుంది. మంచి చేయబోయి మేము ఆమెను ఎక్కడికి తెచ్చామో అప్పుడు అర్థమైంది. కాన్పు వారంలోపే అన్నారు. ఆపా ఆ రోజు టీ కూడా తాగలేదు.

మర్నాడు చెప్పాం. ఆపా మొదలుపెట్టింది, నేను పూర్తి చేశాను. వదినె వింటున్నంతసేపూ బొంత అంచు మీద దారపు పోగులు ఏరుతూ ఉంది. మేము ఆగాక ఒకటే అడిగింది.

"ఎప్పటిసంది?"

"మొదటి రోజు సంది" అన్నాను.

బొంతను మడిచింది, చంకలో పెట్టుకుంది, చెప్పులు వేసుకుని వీధి దాటి పోయింది. తలుపు పడింది.

రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. మధ్యాహ్నం నీడ వచ్చింది, పోయింది. నేనూ ఆపా చేతిలో పని లేకుండా కూర్చున్నాం. ఆపా అల్లం టీ చేసి వదినె గడప మీద పెట్టి వచ్చింది. గంట తర్వాత గ్లాసు కడిగి మా గడప మీద పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టిందో చూడలేదు. టీ తాగిందంటే మరీ అంత కోపం లేదేమోనని నేను, గ్లాసు కడిగి ఇచ్చిందంటే బాకీ తెంచుకున్నట్టేనని ఆపా. ఒక్క గ్లాసు మీద అంత సేపు వాదించుకోవడం మాకే సాధ్యం. నేను మాత్రం ఈసారి ముందుగా కాదు, ఆలస్యంగా, సిగ్గుతో క్షమాపణ అడిగాను, రెండు అబద్ధాలకూ విడివిడిగా.

రెండో రోజు సాయంత్రం దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల. మామూలు కాన్పు. నేను అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. ఆపా కళ్ళు తుడుచుకుంటూనే వీధి దాటి, ఆ మూసిన తలుపు దగ్గరికి పోయి నిలబడింది. వెనకే నేనూ పోయాను.

"చెల్లె, ఆడపిల్ల పుట్టింది. తల్లి, పిల్ల మంచిగున్నరు" అని తలుపుతో చెప్పింది.

మేము తిరగబోతుంటే లోపలినుంచి వినిపించింది.

"ఎన్ని కిలోలు?"

"రెండున్నర."

"జర తక్కువనే. తల్లికి మంచిగ పెట్టుండ్రి" అంది తలుపు.

ఆపా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలాగే ఇంటికి వచ్చేశాం.

మూడో రోజు మధ్యాహ్నం సరిగ్గా నీడ పడేవేళకు వదినె వచ్చి కూర్చుంది, బొంత ఒళ్ళో పెట్టుకుని. అది పొడుగ్గా లేదు. సగానికి కత్తిరించి, ఒక సగం మీద ఇంకో సగం పెట్టి, నాలుగు అంచులూ కలిపి కుట్టేసింది. అటు మూరా జానెడు, ఇటు మూరా జానెడు, చక్కని చదరం. పైన పసుపు, కింద నా పాత ఊదారంగు. సిలువ ఎక్కడా లేదు. ఆపా తిప్పి తిప్పి చూసింది.

"ఇప్పినవా?"

"ఎందుకిప్పుత? మీరిద్దరు ఇప్పనిది నేనెట్ల ఇప్పుత? రెండు సగాల నడుమ పెట్టిన. ఉన్నది, కనపడది."

నేను బొంత మీద చెయ్యి పెట్టి ఆ చోటును తడిమాను. మెత్తని పొరల మధ్య కుట్టు గరుకు కొంచెం వేళ్ళకు తగిలింది. వదినె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"మీ కీబోర్డుకు కవరున్నది."

మేము ఒకరినొకరం చూసుకున్నాం.

"నల్లటిది. జిప్పు గూడ ఉన్నది. కొలుద్దామని పోయిన నాడే చూసిన. జిప్పు తీసే కొలిసిన."

అంటే బొంత బిడ్డకేనని మూడో రోజే తెలుసు. అన్నీ తెలిసి దారానికి ముడులు వేసుకుని వచ్చింది. తెలిసి మా ఇద్దరి దగ్గులు, మోచేతి పోట్లు, నీళ్ళ కోసం లోపలికి పరుగులు అన్నీ నెలా పదిహేను రోజులు చూసింది. మరి పొట్లకాయ లాంటి కొలత ఎందుకు పెట్టావని ఆపా నిలదీసింది.

"మీరు ఎన్ని రోజులు గీ నాటకం ఆడతరో చూద్దామని" అంది వదినె. తర్వాత నవ్వు ఆపి, బొంత అంచును వేలితో రుద్దుతూ, "నాకు కుట్టాలని ఉండె ఆపా. అది బిడ్డ కిందికి పోవద్దనీ ఉండె. కీబోర్డుదని మీరు చెప్తాన్రు గదా, ఆ పేరు మీద కుడతాంటే చెయ్యి వణకలే. ఆఖర్ల భయమైంది. సిలువ ఏస్తె ఆ ఇంటికి పోదు గదా అని ఏసిన" అంది.

ఆపా బొంతను తన ఒళ్ళోకి లాక్కుంది.

"మరి ఇప్పుడు దాన్ని దాసినవేంది?" అని ఆపానే మెల్లగా అడిగింది.

"బిడ్డ కడుపుల ఉండంగనే అంతా కుట్టిన. ఏమైంది? రెండున్నర కిలోలు పుట్టింది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో, మంచి జంపఖానా మగ్గం మీంచి కోసి దించినప్పుడు ఉండే మెరుపు కనిపించింది. "తలుపు మూసుకొని రెండు రోజులు దాన్నే సూసుకుంట కూసున్న. ఎవలు అటక మీద పెట్టిస్తరో పెట్టియ్యనియి అనుకున్న."

నాలుగో రోజు తల్లినీ బిడ్డనూ ఆపా ఇంటికి తెచ్చారు. పిల్ల అత్త రఘునాథపల్లి నుంచి వచ్చింది. పొలం పనిచేసే మనిషి, మాట పొదుపు, చేతులు గట్టివి. మంచం మీద బొంత పరిచి బిడ్డను పడుకోబెట్టారు. ఆమె వంగి, బొంతను రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది. కుట్టు మీదికి వంగి చూసింది. వదినె అప్పటికే తలుపు దాకా జరిగింది, చెప్పులు కాలికి తగిలే చోటుకు.

"ఎవలు కుట్టిన్రు?"

ముగ్గురం కుట్టామని చెప్పబోయింది ఆపా. నోరు తెరిచింది కూడా.

"నేనే కుట్టిన" అంది తలుపు దగ్గరనుంచి వదినె. గట్టిగానే అంది, అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువ గట్టిగా. "పైన చీర గూడ నాదే."

ఆమె వదినె వైపు తేరిపార చూసింది. మంచం మీద ఉన్న బాలింత, మా అందరికంటే ముందు నవ్వింది. "అత్తమ్మా, నేను పండుకున్నది గూడ ఈమె మగ్గం పక్కనే" అంది. ఆ అత్తగారు తల ఊపి, బిడ్డను కొంచెం లోపలికి, బొంత నడిమధ్యకు జరిపింది. ఆ నడిమధ్య కింద ఏముందో నాకూ, ఆపాకూ, వదినెకూ తెలుసు. ముగ్గురం పైకప్పు ఫ్యాను వైపు చూశాం.

"మంచిగున్నది గని, గింత మందమెందుకు?" అంది ఆమె.

ఆపా టీ పెట్టొస్తానని లేచింది. ఈలోపు బిడ్డే ఆదుకుంది. పెద్దగా ఏడుపు, బొంత తడి. అందరూ గుడ్డల కోసం అటూ ఇటూ పరుగెత్తేసరికి ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మందం సంగతి మర్నాటికి తేలింది. నాలుగు పొరల సగాలు రెండు కలిపితే ఎనిమిది పొరలు. పైగా ముసురు. ఉతికి ఆపా ఇంటి ముందు దండెం మీద వేస్తే పైన ఆరుతుంది, లోపల పచ్చి. తిప్పి వేస్తే అటు పచ్చి. వదినె పూటకు నాలుగుసార్లు వీధి దాటి వచ్చి, తన చేత్తో పిండి, దులిపి, తిరగేసి పోయేది. ఎవరైనా ఎవరిది ఈ బొంత అని ఆగితే చాలు, తనదేనని చెప్పి, కుట్టు కూడా చూపించేది. రెండు రోజులైనా అది ఆరలేదు. పిల్ల అత్త ఊరికి పోతూ పోతూ, మా ముగ్గురి వంకా చూసి, ఒక్కటి ఉంటే సాలదు, పలుచటివి ఇంకో రెండు కుట్టుండ్రి అంది. ఆ తర్వాత ప్రత్యేకంగా వదినె వైపు తిరిగి, "నీ చేత్తోటే" అంది.

ఆ మధ్యాహ్నమే చీరలు పరిచాం. ఆపా తనది ఒకటి తెచ్చింది, నేను ఒకటి తెచ్చాను. వదినె రెండు తెచ్చింది, రెండూ పైకే. రాళ్ళు పెట్టాక నేను కొలత ఎంతని అడిగాను.

"కొలత నేను చెప్త. మీరిద్దరు నోరు మూసుకొని కుట్టుండ్రి" అంది.

మూసుకున్నాం. ఆపా మాత్రం ఒక వరస పూర్తయ్యేదాకా ఓర్చుకుని, ఆ కీబోర్డు కవరు జిప్పు ఎటువైపు ఉందని అడిగింది.